ఆర్థికశాస్త్రం తెలుసుకోవాలనుందా? ముందు ఒక ధర వెంట పడండి

మీరు ఆర్థికశాస్త్రం చదువుకోలేదు. ఇంటర్‌లో ఎంపీసీయో బైపీసీయో తీసుకున్నారు. సీఈసీలో చేరినా పరీక్షకు ముందు గైడు బట్టీపట్టి, ఆ తర్వాత దాన్ని పాత పేపర్లవాడికి అమ్మేశారు. ఇప్పుడు ఉద్యోగం, పిల్లల ఫీజులు, ఇంటి లోను వచ్చాక పేపర్లో రెపో రేటు, ద్రవ్యలోటు, రూపాయి పతనం లాంటి మాటలు కనబడినప్పుడల్లా ఇదేదో తెలుసుకుంటే బాగుండు అనిపిస్తోంది. ఎవరో చెబితే 'ఫ్రీకనామిక్స్' కొన్నారు. రెండు రాత్రుల్లో పూర్తి చేశారు. భలే ఉంది. మర్నాడు ఆఫీసులో భోజనాల దగ్గర అందులోని సంగతులు నలుగురికీ చెప్పారు. ఆ వారమే రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు మార్చిందన్న వార్త వచ్చింది. చదివారు. మళ్లీ ఏమీ అర్థం కాలేదు.

ఎందుకిలా జరుగుతోంది? మీకు లెక్కలు రాకపోవడం వల్ల కాదు. ఇలాంటి పుస్తకాల్లో ప్రశ్న వేసేదీ, ఆధారాలు ఏరేదీ, జవాబు చెప్పేదీ రచయితే. మనం చేసే పని తలూపడం ఒక్కటే. ప్రతి అధ్యాయం చివర 'ఓహో, ఇదా సంగతి!' అనిపించేలా రాయడం వాళ్ల నేర్పు. చదివించే గుణం మంచిదే, తప్పు పట్టను. కానీ ఆ 'ఓహో' వేరు, మీకు అర్థం కావడం వేరు. ఈ అధ్యాయమంతా ఆ రెంటి మధ్య దూరం తగ్గించుకోవడం ఎలా అన్నదాని గురించే. కింద చెప్పినవి వరుసగా పాటించనక్కర్లేదు. మొదటిది మాత్రం దాటేయకండి.

1. పుస్తకం కన్నా ముందు ఒక ధరను ఎంచుకోండి

కోడిగుడ్లు, సిమెంటు బస్తా, మీ వీధిలో రెండు గదుల ఇంటి అద్దె, షేర్ ఆటో చార్జీ, ఏదైనా సరే. మీరు రోజూ చూసేదై ఉండాలి. బంగారం, షేర్లు మాత్రం వద్దు. వాటి వెనక ప్రపంచమంతా ఉంటుంది, మీ కంటికి ఆనేది తక్కువ. ఎంచుకున్న ధరను వారానికోసారి ఒక నోటుబుక్కులో రాయండి. పక్కన ఒక్క వాక్యం: ఎందుకు మారిందని మీరు అనుకుంటున్నారు?

ఇందులో నేర్చుకునేదేముంది అంటారా? టమాటా సంగతి చూద్దాం. 2023 జూలైలో చాలా పట్టణాల్లో కిలో టమాటా 150 రూపాయలు దాటింది. జూన్‌లో 5 శాతం లోపే ఉన్న చిల్లర ద్రవ్యోల్బణం జూలైలో 7.44 శాతానికి ఎగబాకింది. ఒక్క కూరగాయల ధరలే అంతకుముందు ఏడాదితో పోలిస్తే 37 శాతం పెరిగాయి. ఎందుకని ఎవరినడిగినా తడుముకోకుండా వచ్చిన జవాబు: 'దళారులు తినేస్తున్నారు.'

ఒక్క నిమిషం ఆగండి. మదనపల్లె యార్డులో ఏప్రిల్‌లోనూ అవే మండీలు, అదే కమీషను, క్రేట్ల లెక్కన అదే వేలం. అప్పుడు ధర నేల మీద ఉంది. జూలైలో ఆకాశంలో ఉంది. రెండు నెలల్లోనూ ఉన్న మనిషి ఒకడే అయినప్పుడు, మారిన ధరకు అతనొక్కడే కారణం ఎలా అవుతాడు? దళారి మంచివాడని నేననడం లేదు. రైతుకు దక్కేదానికీ, మనం కట్టేదానికీ మధ్య తేడా ఎందుకంత ఉందన్న ప్రశ్నకు అతను జవాబులో భాగమే. ధర ఎందుకు పెరిగిందన్నది వేరే ప్రశ్న. మారనిదాన్ని చూపించి మార్పును వివరించకూడదు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే టీవీ చర్చల్లో సగం మీకు గాలి కబుర్లుగా వినిపిస్తాయి.

మరి మారిందేమిటి? వేసవిలో గిట్టుబాటు కాక చాలామంది రైతులు తోటలు వదిలేశారు, కొత్తగా నాటడం తగ్గించారు. దాని మీద ఎండలు, ఆ వెంటనే వానలు, తెగుళ్లు. నారు నాటిన రెండు మూడు నెలలకు గానీ కాయ రాదు కాబట్టి, జూలైలో ఎంత ధర పలికినా జూలైలోనే పంట పెరగదు. ఆ ధర చూసి అందరూ ఒకేసారి నాటారు. ఏమైంది? సెప్టెంబరుకల్లా రాయలసీమ మార్కెట్లలో రైతుకు కిలోకు పది రూపాయలు కూడా దక్కని స్థితి, కాయలు రోడ్డు పక్కన పారబోసిన దృశ్యాలు. నిన్నటి ధర చూసి రేపటి పంట వేయడం వల్ల వచ్చే ఈ ఊగిసలాటకు ఆర్థికశాస్త్రంలో పేరూ ఉంది, బొమ్మలూ ఉన్నాయి. ధర వెంట పడిన మీకు ఆ బొమ్మ పుస్తకంలో కనబడితే పాత పరిచయస్తుణ్ని చూసినట్టుంటుంది. వెంట పడనివాళ్లకు అది రెండు గీతలు, నాలుగు బాణాలు.

ఇంకొకటి కూడా చూడండి. ఆ జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టమాటాలు కొని రైతు బజార్లలో కిలో 50కి అమ్మించింది. బయట మూడింతల ధర ఉన్నప్పుడు ఇక్కడ 50 అంటే ఏమవుతుంది? క్యూ. డబ్బు రూపంలో కట్టని మిగతా ధర నిలబడే టైము రూపంలో కట్టాలి. రిటైరైన తాతగారికి ఆ టైము చౌక. రోజుకూలీకి వెళ్లే ఆమెకు గంటసేపు నిలబడితే ఆ పూట కూలి పోతుంది. మరి ఆ పథకం ఎవరికి ఎక్కువ ఉపయోగపడింది? జవాబు నేను చెప్పను. పొద్దున్నే ఆ క్యూలో ఎవరెవరుంటారో మీకు తెలుసు.

2. మొదటి పుస్తకం గొప్పది కానక్కర్లేదు

చాలామంది చేసే తప్పు ఇది: 'మొదలుపెడితే మూలం నుంచే మొదలుపెట్టాలి' అని ఆడమ్ స్మిత్ 1776 నాటి 'ది వెల్త్ ఆఫ్ నేషన్స్' తెచ్చుకోవడం, లేదా మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటం ముందేసుకుని కూర్చోవడం. రెండూ మహాగ్రంథాలే. రెండూ యాభయ్యో పేజీ దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాత 'మనవల్ల కాదు' అన్న నమ్మకం స్థిరపడిపోతుంది. ఇంకో తప్పు, షేర్ల మీదా, త్వరగా ధనవంతులవడం మీదా వచ్చే పుస్తకాలు చదివి ఆర్థికశాస్త్రం చదివామనుకోవడం. మీ డబ్బు ఎక్కడ పెట్టాలన్నది వాటి విషయం. ధరలు, జీతాలు, పన్నులు అలా ఎందుకున్నాయన్నది దీని విషయం.

నన్నడిగితే టిమ్ హార్ఫర్డ్ 'ది అండర్‌కవర్ ఎకనామిస్ట్' మొదటి పుస్తకంగా బాగుంటుంది. 2005లో వచ్చింది. రైల్వే స్టేషన్ దగ్గర కాఫీ అమ్మితే లాభం ఎవరి జేబులోకి పోతుందన్న ప్రశ్నతో మొదలవుతుంది. అదొక్కటీ చదివి పుస్తకం మూసేయండి. మన బస్టాండుకు వెళ్లండి.

అక్కడ స్టాలులో టీ, బిస్కెట్లు, టిఫిన్ అన్నీ బయటకన్నా ఎక్కువ. అడిగితే స్టాలతను ఏమంటాడు? 'ఏం చేస్తాం సార్, టెండర్లో అద్దె అంత కట్టాలి.' వినడానికి సబబుగానే ఉంది. అద్దె ఎక్కువ, కాబట్టి ధర ఎక్కువ. ఇప్పుడు దాన్ని తిరగేసి చూడండి. టెండరు వేసినప్పుడు అతను అంత అద్దెకు ఎందుకు ఒప్పుకున్నాడు? బస్సు కదిలేలోగా కొనుక్కోవాలన్న తొందరలో ఉన్న జనం బేరమాడకుండా కొంటారని తెలుసు కాబట్టి. పక్క సందులో అదే కొలత గది ఇస్తే ఆ అద్దె కడతాడా? కట్టడు. అంటే ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టే అద్దె ఎక్కువైంది. డేవిడ్ రికార్డో రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో గోధుమల ధర గురించీ, పొలాల కౌలు గురించీ తేల్చింది ఇదే. కాఫీ కథలో హార్ఫర్డ్ చెప్పేదీ అదే. ఇది నమ్మడం మొదట్లో కష్టం. రెండు మూడు సార్లు అటూ ఇటూ తిప్పి చూస్తే గానీ కుదురుకోదు. కుదురుకున్నాక అమీర్‌పేటలో హాస్టల్ అద్దెలు, గుడి ముందు కొబ్బరికాయల దుకాణాల వేలంపాట, అన్నీ అదే కళ్లతో చూస్తారు.

ఇంగ్లీషు పుస్తకం ఇబ్బందిగా ఉందా? తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ అర్థశాస్త్రం పుస్తకాలు దగ్గరుంచుకోండి. అవి ఏకబిగిన చదవడానికి కావు, నిద్రొస్తుంది. ఏదైనా భావన తగిలినప్పుడు ఆ రెండు పేజీలు తిరగేసి చూడటానికి మాత్రం వాటిని మించినవి లేవు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పిల్లల పుస్తకాలని చిన్నచూపు వద్దు.

3. రెండు తేడాలు గట్టిగా పట్టుకోండి

మీ బాబాయి పేపరు విసిరికొట్టి 'ద్రవ్యోల్బణం తగ్గిందట! ఏదీ, ఏం తగ్గింది? పప్పు తగ్గిందా, నూనె తగ్గిందా? అన్నీ అబద్ధాలు!' అన్నారనుకోండి. ఆయనకు ఏం చెబుతారు?

ఇలా చెప్పండి: 'బాబాయ్, పోయినేడు వంద రూపాయలున్న సరుకులు ఏడు శాతం పెరిగి 107 అయ్యాయి. ఈ ఏడాది రెండు శాతమే పెరిగాయి, 109 దాటాయి. పెరిగే వేగం తగ్గింది, ధర తగ్గలేదు.' ధర వేరు, ధర పెరిగే వేగం వేరు. పేపరు చెప్పేది రెండోది, సంచి పట్టుకెళ్లినప్పుడు తగిలేది మొదటిది. బాబాయి కోపం న్యాయమైనదే. పేపరూ అబద్ధం చెప్పలేదు.

ఆయన అంతటితో ఊరుకోరు. 'మా ఇంట్లో ఖర్చు రెండు శాతం కాదు, పది శాతం పెరిగింది' అంటారు. అదీ నిజం కావచ్చు. ద్రవ్యోల్బణాన్ని లెక్కగట్టే ధరల సూచీ అనేది సగటు కుటుంబం కొనే సరుకుల బుట్ట. 2012ను ఆధార సంవత్సరంగా తీసుకుని చాలా ఏళ్లు వాడిన లెక్కలో ఆహార పానీయాలకే దాదాపు 46 శాతం బరువిచ్చారు. హైదరాబాదులో అద్దె, ఇద్దరు పిల్లల కార్పొరేట్ స్కూలు ఫీజులు, పెద్దాయన మందులు మోస్తున్న ఇంట్లో తిండి ఖర్చు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. కూరగాయలు చౌకైన నెలలో సూచీ దిగుతుంది, జూన్‌లో ఫీజు కట్టిన మీకు ఊపిరాడదు. ఒక ఆదివారం కూర్చుని మీ ఇంటి బుట్ట మీరే వేసుకోండి: తిండికెంత, అద్దెకెంత, చదువులకెంత, పెట్రోలుకెంత. శాతాలు కట్టండి. సర్కారు లెక్క మీకెందుకు అతకడం లేదో మీకే తెలుస్తుంది.

రెండో తేడా లోటుకూ అప్పుకూ మధ్య. ఈ ఏడాది రాబడికన్నా ఎక్కువ పెట్టిన ఖర్చు లోటు. ఏళ్ల తరబడి ఆ లోట్లన్నీ పేరుకున్నది అప్పు. 'లోటు తగ్గించాం' అని ఒక పార్టీ, 'అప్పు పెంచారు' అని ఇంకో పార్టీ కొట్టుకుంటుంటే ఇద్దరూ ఒకేసారి నిజం చెబుతూ ఉండొచ్చు. లోటు తగ్గినా, అది ఉన్నంతకాలం అప్పు పెరుగుతూనే ఉంటుంది.

4. అర్థమైన ప్రతిదానికీ మీ ఇంటి ఉదాహరణ ఒకటి రాయండి

పుస్తకంలో వడ్డీ గురించి చదివారు. వడ్డీ అంటే డబ్బు అద్దె అని, రేపటి రూపాయికన్నా ఇవాళ్టి రూపాయి విలువెక్కువని. బాగుంది. ఇప్పుడు మీ చీటీ తీసుకోండి.

ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ. మూడో నెలలో ఒకాయన ఇరవై ఎనిమిది వేలు తగ్గించి 72 వేలకు పాడుకుపోయాడు. కమీషను పోగా మిగిలింది అందరికీ పంచారు. పద్దెనిమిదో నెలలో ఐదారు వేలకు మించి ఎవరూ తగ్గడం లేదు. ఎందుకు? ఆ 28 వేలు ఎవరు ఎవరికి కట్టిన వడ్డీ? పాడినాయన నెలనెలా ఇంకా ఎంత కట్టాలి? బ్యాంకులో పర్సనల్ లోను తీసుకుని ఉంటే ఎంతయ్యేది? మరి ఆయన బ్యాంకుకు ఎందుకు వెళ్లలేదు, లేక వెళితే ఇవ్వలేదా? కాలేజీ ఫీజుల నెలలో పాట ఎందుకు వేడెక్కుతుంది? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాయగలిగితే వడ్డీ రేటు, నష్టభయం, రుణం అందుబాటు, మూడూ మీకు వచ్చేసినట్టే. మీ అమ్మకో అత్తగారికో ఇవి రాయకుండానే వచ్చు. వాళ్లను కూర్చోబెట్టి అడగండి. పుస్తకం రాసినాయనకన్నా సూటిగా చెబుతారు.

5. ఒకరిని చదివితే, ఆయనతో పడనివారినీ చదవండి

ఒకే ఒక్క మంచి పుస్తకం చదివినవాడితో వాదించడం కష్టం. మార్కెట్‌కు వదిలేస్తే అన్నీ సర్దుకుంటాయనే పుస్తకం చదివితే ఆరు నెలలపాటు ప్రతిదానికీ అదే మందు. దానికి విరుద్ధమైనది చదివితే ప్రతిదానికీ ప్రభుత్వమే దిక్కు. దీనికి విరుగుడు జంటగా చదవడం.

మన దేశం గురించి అలాంటి జంట ఒకటుంది. జాన్ డ్రేజ్, అమర్త్యసేన్ రాసిన 'యాన్ అన్‌సర్టెన్ గ్లోరీ' 2013లో వచ్చింది. జగదీశ్ భగవతి, అరవింద్ పనగఢియాల 'వై గ్రోత్ మ్యాటర్స్' కూడా అదే ఏడాది బయటకొచ్చింది. చదువు, వైద్యం, పోషణ నిర్లక్ష్యం చేస్తే వృద్ధి కుంటిదవుతుందని మొదటి పుస్తకం. ముందు వృద్ధి ఉంటేనే పేదరికం తగ్గుతుంది, పంచడానికి సొమ్మూ వస్తుందని రెండోది. ఆ రోజుల్లో ఈ పెద్దల మధ్య పత్రికల్లో వాదులాట కూడా ఘాటుగానే నడిచింది. విదేశీ రచయితలే కావాలంటే థామస్ సోవెల్ 'బేసిక్ ఎకనామిక్స్' పక్కన హా-జూన్ చాంగ్ 'ఎకనామిక్స్: ది యూజర్స్ గైడ్' పెట్టుకోండి.

ఎలా చదవాలి? ఎవరు గెలిచారని కాదు. వీళ్లిద్దరూ ఒప్పుకునేవి ఏమిటి, ఏ అంకె దగ్గర విడిపోతున్నారు, లేక అంకె ఒకటే అయినా ఏది ముఖ్యమన్న దగ్గర విడిపోతున్నారా? రెండు నిలువు గళ్లు గీసి రాయండి. ఒప్పుకునే గడి మీరనుకున్నదానికన్నా పొడుగ్గా వస్తుంది.

6. 'దేనితో పోల్చి?' అని అడగడం నేర్చుకోండి

ఈ సూచన దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే ఇందులో హైదరాబాదు ఉంది.

మైక్రోఫైనాన్స్ గుర్తుందా? పేద ఆడవాళ్లకు తనఖా లేకుండా చిన్న అప్పులిస్తే వ్యాపారాలు పెట్టుకుని పేదరికం నుంచి బయటపడతారన్న ఆశ ప్రపంచమంతా ఉండేది. 2006లో మహమ్మద్ యూనస్‌కూ, బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అప్పు తీసుకుని కుట్టుమిషను కొని, ఇల్లు నిలబెట్టుకున్న ఆమె ఫోటో ప్రతి నివేదికలోనూ ఉండేది. ఆ ఫోటో అబద్ధం కాదు. అప్పు తీసుకోకపోతే ఆమె ఏమయ్యేదో ఆ ఫోటో చెప్పదు, అంతే. బహుశా ఎలాగైనా కొనేదేమో. బహుశా చొరవ ఉన్నవాళ్లే ముందుకొచ్చి అప్పు తీసుకున్నారేమో.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి దీన్ని హైదరాబాదులోనే పరీక్షించారు. నగరంలో 104 బస్తీలు తీసుకుని, లాటరీ వేసినట్టు సగాన్ని, అంటే 52 బస్తీలను ఎంపిక చేస్తే, అక్కడ స్పందన అనే సంస్థ ముందుగా రుణాలు మొదలుపెట్టింది. మిగతావాటిలో అప్పటికి పెట్టలేదు. తర్వాత రెండు రకాల బస్తీలనూ పోల్చారు. కొన్ని ఇళ్లలో కొత్త వ్యాపారాలు వచ్చాయి, మన్నికైన వస్తువులు కొన్నారు, టీ, చిరుతిళ్లు, పొగాకు లాంటి చిల్లర ఖర్చులు కొంత తగ్గించుకున్నారు. కానీ మొత్తమ్మీద కుటుంబం ఖర్చు పెట్టుకోగలిగిన స్థాయి చెప్పుకోదగ్గంత పెరగలేదు. పిల్లల చదువులో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో పెద్ద మార్పు కనబడలేదు. అద్భుతమూ లేదు, అనర్థమూ లేదు. 'పూర్ ఎకనామిక్స్'లో ఈ కథ ఉంటుంది. 2011లో వచ్చిన ఆ పుస్తకం రచయితలు ఈ ఇద్దరే. మైకేల్ క్రెమర్‌తో కలిసి 2019లో వీళ్లకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇక్కడితో 'ఓహో' అని పుస్తకం మూసేస్తున్నారా? ఆగండి. 2010లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. పల్లెల్లో ఒకే ఇంటి మీద నాలుగైదు కంపెనీల అప్పులు, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు. ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి. బస్తీల్లో జరిగిన అధ్యయనానికీ, పల్లెల్లో జరిగిన గొడవకీ పొంతన ఎలా? అధ్యయనం సగటు మార్పును చూసింది. అదీ నగరంలో, ఒక సంస్థ మొదట అడుగుపెట్టిన కాలంలో. పోటీ పడి అప్పులంటగట్టే రోజుల్లో అప్పు మీద అప్పు పడితే ఏమవుతుందన్న ప్రశ్న అది వేయలేదు. అంటే అధ్యయనం తప్పని కాదు. ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్నకే జవాబు. మన ఊళ్లలో ఆ రోజులు చూసిన మీకు ఈ హద్దు ఇంకో దేశపు పాఠకుడికన్నా బాగా కనబడుతుంది. మీరు చూసినదాన్ని పుస్తకం ముందు చిన్నబుచ్చకండి. అలాగని మీరు చూసిన రెండు ఇళ్లతో 104 బస్తీల లెక్కను కొట్టిపారేయకండి.

7. పెద్దవాళ్ల తప్పులు కూడా తెలుసుకోండి

కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ హార్వర్డ్‌తో సంబంధమున్న పేరున్న ఆర్థికవేత్తలు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి బాగా పడిపోతుందని 2010లో రాశారు. యూరప్‌లో, అమెరికాలో పొదుపు బాట పట్టాలన్న నాయకులు ఆ అంకెను తెగ వాడుకున్నారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పీజీ విద్యార్థి వాళ్ల ఎక్సెల్ షీటు అడిగి తెప్పించుకుని చూస్తే, సగటు కట్టేటప్పుడు అయిదు దేశాల వరుసలు లెక్కలోకి రాలేదు. ఇంకా కొన్ని లోపాలూ బయటపడ్డాయి. సరిచేస్తే ఆ గట్టి గీత మసకబారింది. 'ఫ్రీకనామిక్స్'లో అందరూ చెప్పుకునే నేరాల తగ్గుదల అధ్యాయం వెనకున్న పరిశోధనలో కూడా 2005లోనే ఒక లెక్క తప్పును వేరే ఆర్థికవేత్తలు పట్టుకున్నారు. ఆ తప్పును పుస్తక రచయితల్లో ఒకరైన లెవిట్ ఒప్పుకున్నారు గానీ, మొత్తం వాదనను మాత్రం వదలలేదు. పుస్తకంలో నచ్చిన అధ్యాయం గురించి 'దీన్ని ఎవరైనా కాదన్నారా?' అని ఒకసారి వెతకండి. పది నిమిషాల పని.

8. మన గవర్నర్ల జ్ఞాపకాలు చదవండి

రిజర్వు బ్యాంకు అంటే ఎక్కడో ముంబైలో ఉన్న మిస్టరీ అనుకునేవాళ్లకు ఇది మంచి దారి. 2003 నుంచి 2013 దాకా వరుసగా ఇద్దరు తెలుగువాళ్లు ఆ కుర్చీలో కూర్చున్నారు. కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి, ఆ తర్వాత దువ్వూరి సుబ్బారావు. స్థిరాస్తి రుణాలు జోరుగా పెరుగుతున్న రోజుల్లో రెడ్డి గారు బ్యాంకులకు కళ్లెం వేశారు. అప్పట్లో తిట్టుకున్నవాళ్లే 2008 సంక్షోభం తర్వాత మెచ్చుకున్నారు. సుబ్బారావు గారు 2008 సెప్టెంబరు 5న బాధ్యతలు తీసుకుంటే, పది రోజులకు అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. 'అడ్వైజ్ అండ్ డిసెంట్', 'హూ మూవ్డ్ మై ఇంట్రెస్ట్ రేట్?' వాళ్లు రాసుకున్న పుస్తకాలు. ఢిల్లీలో ఆర్థిక మంత్రి వడ్డీ తగ్గించాలంటే, ముంబైలో గవర్నర్ ధరల వైపు చూసి తల అడ్డంగా ఊపడం ఎలా ఉంటుందో వీటిలో తెలిసినట్టు పాఠ్యపుస్తకంలో తెలియదు. అయితే తన కథ తాను చెప్పుకునేవాడు తన పక్షం కాస్త మెరుగ్గానే చెప్పుకుంటాడని గుర్తుంచుకుని చదవండి.

9. పేపర్ని తేదీల ప్రకారం చదవండి

రోజూ బిజినెస్ పేజీ మొత్తం చదవాలని ఒట్టు పెట్టుకోకండి. వారం తిరక్కుండా మానేస్తారు. మూడు తేదీలు చాలు. నెలనెలా 12వ తేదీ ప్రాంతంలో చిల్లర ద్రవ్యోల్బణం లెక్క వస్తుంది. మీ నోటుబుక్కులోని ధరతో పోల్చుకోండి.

ఫిబ్రవరి 1న బడ్జెట్. ఆ రోజు టీవీ కట్టేసి, 'బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్' అన్న చిన్న పత్రం తెరవండి. ఆర్థిక శాఖ సైటులో ఉంటుంది. రూపాయి ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అని రెండు గుండ్రటి బొమ్మలుంటాయి. 2025-26 బడ్జెట్‌లో వచ్చే రూపాయిలో 24 పైసలు అప్పులవే. ఖర్చయ్యే రూపాయిలో 20 పైసలు పాత అప్పుల మీద వడ్డీలకే. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని ఒక సాయంత్రం ఆలోచించండి. ఆ తర్వాత కావాలంటే చర్చలు వినండి. ఎవరు అంకెలతో మాట్లాడుతున్నారో, ఎవరు గొంతుతో మాట్లాడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

మూడోది, రెండు నెలలకోసారి జరిగే రిజర్వు బ్యాంకు ద్రవ్య పరపతి విధాన కమిటీ సమావేశం. 2016 నుంచి వడ్డీ రేటు నిర్ణయం ఈ కమిటీలోని ఆరుగురిది. ముగ్గురు బ్యాంకు వాళ్లు, ముగ్గురు ప్రభుత్వం నియమించిన బయటివాళ్లు. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ అయితే 2 నుంచి 6 మధ్య ఉంచడం వాళ్ల పని. నిర్ణయం వచ్చిన రోజు వార్త కంటే, పద్నాలుగు రోజుల తర్వాత వచ్చే మినిట్స్ మీకు ఎక్కువ పనికొస్తాయి. ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకో ఒక్కొక్కరూ తమ మాటల్లో రాస్తారు. అవే అంకెలు చూసి ఒకరు తగ్గించాలంటారు, ఇంకొకరు ఆగుదామంటారు.

వచ్చే సమావేశానికి ముందు రోజు రేటు తగ్గుతుందా, పెరుగుతుందా, కదలదా అన్నది మీ నోటుబుక్కులో రాయండి. కింద రెండు కారణాలు. మీరు చెప్పింది తప్పితే, మినిట్స్ వచ్చాక ఆ ఆరుగురిలో ఎవరి కారణం మీ లిస్టులో లేదో వెతకండి. చెప్పింది ఒప్పయినా వెతకాల్సిందే. ఒప్పు జవాబు తప్పు కారణంతో రావడం ఈ విషయంలో మామూలే. ఆ కారణం మీదే మీ తర్వాతి పుస్తకం కొనుక్కోండి.